మేడెక్కిన దొరసాని

"కొమ్ములు పట్టి గుంజకయ్యా, అది అసలే ఆడది!" కింద వాకిట్లో నిలబడి అరిచింది లలితమ్మ.

"ఆడదైతే ఏంది? బర్రెనే గదా!" మెట్ల మీద నుంచి బీరయ్య.

"బర్రె అయితే ఏంది? మంచిగ చెప్తే వింటది."

బీరయ్య మంచిగానే చెప్తున్నాడు. నిన్న పొద్దుటి నుంచీ చెప్తూనే ఉన్నాడు. బెల్లం చూపించాడు. తౌడు చూపించాడు. గంప నిండా పత్తిగింజల చెక్క తెచ్చి పై నుంచి మూడో మెట్టు మీద పెట్టాడు. దొరసాని పై గది గడపలోనే నిలబడి, మెడ సాగదీసి, చెక్కంతా తిని, గంప కూడా కొంచెం తిని, ముందరి కాలొకటి బయట పెట్టింది. మెట్ల వంక ఓసారి చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

"ఎక్కేటప్పుడు ఎవ్వరన్న చెప్పిన్రా దీనికి? దానంతట అదే ఎక్కింది," అన్నాడు బీరయ్య ఏడుపు గొంతుతో.

అది నిజమే. మొన్న రాత్రి మూసీ నీళ్లు కొట్టంలోకి వచ్చినప్పుడు మిగతా మూడు బర్రెలూ బుద్ధిగా మోకాలిలోతు నీళ్లలో నడిచి రోడ్డెక్కి, డీసీఎం వ్యానెక్కి, ధూల్‌పేటలో లలితమ్మ తమ్ముడింటికి చేరుకున్నాయి. దొరసాని మాత్రం నీళ్లు చూసి ముక్కు చిట్లించింది. పక్కనే మెట్లు కనిపించాయి. బీరయ్య తాడు అందుకునేలోపే పైనున్న కిరాయిదారు గది ముందు ఉంది. చేసేది లేక బీరయ్య రెండో తాళంచెవితో తలుపు తీశాడు. కిరాయిదారు సామ్యూల్ చెల్లెలి పెళ్లికని రెండు వారాల కిందనే మిర్యాలగూడ పోయాడు. వాడొచ్చేలోపు దించుకోవచ్చు లెమ్మనుకున్నాడు.

మెట్లు ఎక్కే బర్రె ఉంటుంది గానీ దిగే బర్రె ఉండదని అతనికి నిన్న తెలిసింది.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న లావణ్య ఫోన్ మోగింది. లావణ్య హైటెక్ సిటీలో కాల్ సెంటర్‌లో పనిచేస్తుంది. నిన్నటి నుంచి సెలవు పెట్టి ఇంట్లో బురద ఎత్తుతోంది గానీ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"గుడ్ మార్నింగ్, లలిత డెయిరీ. నేను లావణ్య. చెప్పండి మేడమ్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"ఏ విధంగ ఏందే? పాలు ఏవి?" ఫోన్లోంచి విమలాదేవి గొంతు గేటు దాకా వినిపించింది. ఉప్పుగూడలో కిరాణా హోల్‌సేల్ వాళ్లు. విమలాదేవి అత్తగారి కాలం నుంచీ ఆ ఇంటికి పాలు పోసేది వీళ్లే.

"కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. మీ కాల్ మాకెంతో ముఖ్యం."

"నీ మొఖం ముఖ్యం! మీ అమ్మకియ్యి ఫోను."

లలితమ్మ చేయి చీరకు తుడుచుకొని అందుకుంది. "చెప్పు వదినా. ఇంట్లకు నీళ్లొచ్చినయ్, జర రెండు రోజులు..."

"నీళ్ల సంగతి నాకు తెల్వదా? టీవీల చూసిన. పాపం అనుకున్న. గాని లలితా, నీళ్లు మొన్న వచ్చినయ్, వాసన వారం సంది వస్తున్నది. పాయసం చేస్తే పెట్రోల్ బంకు వాసన. మొన్న మా సారు చాయ్ నోట్ల పెట్టుకొని ఏమన్నడో తెల్సా? 'విమలా, ఇది చాయా, స్కూటరా?' అన్నడు."

లలితమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఏమనుకోకు. రేపటి సంది ప్యాకెట్ పాలే తెప్పించుకుంటం. నీ పాలు మంచిగైనంక చెప్పు."

లలితమ్మ ఫోను లావణ్యకు తిరిగిచ్చింది. విమలాదేవి పదిళ్లకు పెద్ద. ఆమె ప్యాకెట్ పాలంటే ఆ సందంతా ప్యాకెట్ పాలే.

"విన్నవా?" అంది లలితమ్మ మెట్ల వైపు చూడకుండానే.

"విన్న."

"ఇప్పుడన్న చెప్పు. పాల క్యానుల డీజిల్ పోసినవా లేదా?"

"మళ్ల అదే లొల్లి! దొరసాని మీద ఒట్టు, పోయలే అన్న గదా!"

"మరి వాసన యాడికెల్లి వచ్చింది? నేను మూసీ మడులల్ల గడ్డి కోసొస్తే కాళ్ల పట్టీలకు నల్లగ జిడ్డు. సబ్బు పెట్టి రుద్దినా పోతలేదు. బ్రిడ్జి దిక్కు గడ్డంత పసుపు పూసినట్టయింది. పోయిన వారం గూడ చెప్పిన నీకు. విన్నవా?"

బీరయ్య గబుక్కున దొరసాని వైపు తిరిగి దాని మెడ నిమరడం మొదలుపెట్టాడు. మడుల మాట వస్తే ఈ మధ్య అతనికి ఏదో ఒక పని గుర్తొస్తోంది. పోయిన వారం చెప్పినప్పుడు చెప్పు తెగిందని లేచిపోయాడు. అంతకు ముందు దగ్గొచ్చింది. లలితమ్మ గమనించింది గానీ, ఒక బర్రెను మేడ మీద పెట్టుకొని మొగుడి దగ్గు గురించి అడిగే తీరిక ఆమెకు లేకపోయింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. సామ్యూల్ దిగాడు. ఒక చేతిలో బ్యాగు, ఒక చేతిలో పెళ్లి లడ్డూల డబ్బా. బురద గోడలు చూసి కంగారుగా లోపలికొచ్చాడు.

"అయ్యో ఆంటీ, ఇంత పైకొచ్చినయా నీళ్లు? ఫోన్ చెయ్యకపోతిరి!"

"పెళ్లిల ఉంటివి, ఎందుకు ఫికర్ పెట్టాలని..." అంది లలితమ్మ మెట్లకు అడ్డంగా జరుగుతూ. "కూసో సామేలూ. చాయ్ తాగు. చెల్లె మంచిగున్నదా? పిలగాడు ఏం జేస్తడు?"

సామ్యూల్ అప్పటికే పైకి చూశాడు. "అంకుల్, నా రూం కాడ ఏం చేస్తున్నరు?"

"ఏం లేదు బిడ్డా," అన్నాడు బీరయ్య. "గది మూసి మూసి ఉన్నది గదా, జర గాలి ఆడుతదని తలుపు తెరిచిన."

లోపల్నుంచి దొరసాని గట్టిగా అరిచింది.

లలితమ్మ అడ్డు తప్పుకోక తప్పలేదు. సామ్యూల్ రెండేసి మెట్లు ఎక్కి గడప దగ్గర ఆగిపోయాడు. పరుపు మీద దొరసాని నిలబడి ఉంది. కిటికీకి ఉండాల్సిన ఆకుపచ్చ పరదాలో సగం లేదు. గోడకు తగిలించిన సైటు జాకెట్టు, అదే రాత్రుళ్లు కూడా మెరిసే పచ్చరంగుది, నేల మీద ఉంది. అందులో మెరిసే పట్టీలు మాత్రం మిగిలాయి.

"పచ్చగున్నదని గడ్డి అనుకున్నది," అన్నాడు బీరయ్య.

"కిరాయి ఇస్తున్న ఆంటీ నేను!" సామ్యూల్ బ్యాగు నేలకేసి కొట్టాడు. "ఒక్క మనిషికని చెప్పి ఇచ్చిన్రు రూం!"

"ఇప్పటికి గూడ మనిషి ఒక్కడే గదా," అంది లావణ్య కింది నుంచి. లలితమ్మ కళ్లురిమింది.

"నవ్వులాటనా ఇది? నా పరుపు, నా బట్టలు... అసలు నన్ను అడగకుండ నా రూంల బర్రెను ఎట్ల పెడతరు?"

"నేను పెట్టలే సామేలూ," అంది లలితమ్మ. ఇంతసేపూ మెత్తగా ఉన్న ఆమె గొంతు ఆ మాటతో గట్టిపడింది. "మా కొట్టంల నీళ్లు ఎవరు పెట్టిన్రు? మమ్మల్ని అడిగే పెట్టిన్రా? మా అత్త చెప్పేది, ఎంత వానొచ్చినా మూసీ మడులల్లకు వచ్చి, రెండు దినాలు ఉండి, పోయేదట. గడప తొక్కలే ఎన్నడు. మీ బ్రిడ్జి వచ్చింది. మొదటి పెద్ద వానకే ఇంట్లకొచ్చింది. మీ నీళ్లు మా ఇంట్లకొచ్చినయ్. మా బర్రె మీ ఇంట్లకొచ్చింది."

సామ్యూల్ నేల మీది సైటు జాకెట్టు వంక చూశాడు.

అతను ఆ కొత్త బ్రిడ్జి మీద సైటు ఇంజనీరు. హైవే మూసీని దాటే చోట, సరిగ్గా వీళ్ల గడ్డి మడుల మీదుగా, రెండేళ్లు కట్టి పోయిన నెలలో తెరిచారు. అటు ఇటు ఎత్తుగా మట్టికట్ట పోసి రోడ్డును బ్రిడ్జి దాకా తెచ్చారు. ఆ రెండేళ్లూ లలితమ్మ వండిన పప్పుచారు తిని అతను ఆ పనికి పోయి వచ్చాడు.

మెల్లగా పై మెట్టు మీద కూలబడ్డాడు. లడ్డూల డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. దొరసాని వెనక నుంచి వచ్చి అతని భుజం మీద ఊపిరి వదిలింది. అతను కదలలేదు.

"ఆంటీ, పాలు వాసన వస్తున్నయా?" అని అడిగాడు చివరికి.

"నీకెట్ల తెల్సు?"

"బ్రిడ్జి మీద వాన నీళ్లు పైపులకెల్లి కిందికి రావాలె. వచ్చినంక ముందు ఒక గుంటల పడాలె. బండ్ల ఆయిలు, టైర్ల అరుగుడు, బ్రేకుల దుమ్ము, ఆ జిడ్డంత గుంటల ఆగాలె. అటెన్క నీళ్లు కాలువకు పోవాలె."

"మరి?"

"గుంట ఇంక తవ్వలే."

"మరి పైపులు?"

"ఉన్నయ్. ఊకెనే ఏలాడుతున్నయ్. మీ మడుల మీద."

లలితమ్మ వారం రోజులుగా మొగుణ్ని డీజిల్ దొంగలా చూసింది. ఇప్పుడు అతనికి క్షమాపణ చెప్పాలేమోనని పైకి చూసింది. బీరయ్య క్షమాపణ కోసం ఎదురుచూస్తున్నట్టు లేడు. ఎటైనా పారిపోవడానికి దారి వెతుకుతున్నట్టున్నాడు. కానీ గదిలో దొరసాని, మెట్ల మీద సామ్యూల్.

"పెద్దసారుకు చెప్పలేదా నువ్వు?" అంది.

"చెప్పిన. 'ముందు బండ్లు తిరగనియ్, తర్వాత చూద్దాం' అన్నడు. ఎవరన్న అడిగితే గుంట అయిపోయిందని చెప్పమన్నడు." సామ్యూల్ తల వంచుకున్నాడు. "ఒకసారి సర్కారు ఆఫీసుకెల్లి ఫోన్ల అడిగిన్రు. అయిపోయిందనే చెప్పిన."

ఈలోపు లావణ్య నిన్న పెట్టిన వీడియో తన దారిన తాను పోతోంది. పరుపు మీద నిలబడి పరదా నములుతున్న దొరసానిని మొదట బస్తీ చూసింది, తర్వాత సైదాబాద్ చూసింది, మధ్యాహ్నానికి ఎవరు చూడలేదో చెప్పడం కష్టమైంది. వీడియో కింద ఎవరో 'బ్రిడ్జి పుణ్యం' అని రాశారు. ఆ రెండు మాటలు కంపెనీ దాకా పోయినట్టున్నాయి. భోజనాల వేళకు సందు చివర క్రేన్ వచ్చి ఆగింది. వెనకే తెల్లకారు. కార్లోంచి సామ్యూల్ చెప్పిన పెద్దసారు, ప్రాజెక్టు మేనేజర్ పురుషోత్తం దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. వెంట కెమెరా పట్టుకొని ఒకడు.

"అమ్మా, నమస్కారం!" అన్నాడు బురదలో ఆచితూచి అడుగేస్తూ. "మీ కష్టం తెలిసి మా కంపెనీ తరఫున వచ్చాం. ఒక్క రూపాయి తీసుకోకుండా మీ బర్రెను దించి పెడతాం. ఒక ఫొటో తీసుకుంటాం, అంతే."

క్రేన్ నడిపే ఖాజా భాయ్ మేడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కరెంటు తీగలు చూసి, దొరసానిని చూసి, గడ్డం గోక్కున్నాడు.

"సాబ్, మై పిల్లర్ ఉఠాయా, గర్డర్ ఉఠాయా. భైంస్ నై ఉఠాయా. గర్డర్ హిల్తా నై సాబ్, ఏ హిల్తీ." గర్డర్ కదలదు, బర్రె కదులుతుందని అతని గోడు.

"బెల్టులు ఉన్నాయి కదా?" అన్నాడు పురుషోత్తం.

"బెల్ట్ హై సాబ్. మగర్ భైంస్ కూ కౌన్ సంఝాతా?" బర్రెకు నచ్చజెప్పేదెవరని ఖాజా భాయ్.

బీరయ్యకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. "నేను చెప్త భాయ్, నేను చెప్త! పట్టు, బెల్టు పట్టు. జల్దీ అయిపోనీ!" అంటూ రెండు మెట్లు కిందికి దూకాడు.

మూడో మెట్టు దగ్గర ఆగాల్సి వచ్చింది. లలితమ్మ మెట్ల మధ్యలో కూర్చొని ఉంది. కొంగు నడుముకు బిగించింది.

"దొరసాని దిగదు," అంది.

"ఏందే?"

"దిగదు అంటున్న. సారు ముందుగాల మడులల్లకు వస్తడు. పైపులు చూస్తడు. గడ్డి చూస్తడు. గుంట ఎప్పుడు తవ్వుతడో అందరి ముందట చెప్తడు. అటెన్క దిగుతది."

బీరయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నిన్నటి సంది బర్రె కాళ్లు మొక్కిన. ఇగ నీ కాళ్లు గూడ మొక్కాల్నా? సారు పెద్దమనిషి, ఆయనకు మస్తు పనులుంటయ్. మడులకాడ ఏమున్నదే, బురద తప్ప!"

"బురదే చూపిస్త."

"వద్దే లలితా." ఈసారి అతని గొంతు తగ్గింది. "నా మాట విను. మడులకాడికి వద్దు."

లలితమ్మ అతని మొహంలోకి చూసింది. బీరయ్య చూపు తిప్పుకున్నాడు.

పురుషోత్తం నవ్వు కొంచెం సన్నబడింది గానీ పోలేదు. "అమ్మా, మీకెవరో తప్పుగా చెప్పారు. మా డ్రైనేజీ పనంతా పూర్తయింది. కావాలంటే మీ ఇంట్లోనే మా ఇంజనీరు ఉన్నాడు, అడగండి. ఏం సామ్యూల్? పైపుల పని అయిపోయిందా, లేదా?"

అందరూ పైకి చూశారు. అప్పటికి సందులో జనం చేరారు. పిట్టగోడల మీద పిల్లలు. సామ్యూల్ పై మెట్టు మీదే ఉన్నాడు, ఒళ్లో లడ్డూల డబ్బా అలాగే ఉంది. లలితమ్మ కూడా తల తిప్పి అతని వంక చూసింది. చెల్లెలి పెళ్లి మొన్ననే చేశాడు. ఇంటికి వీడొక్కడి జీతమే ఆధారం. ఆ సంగతి ఆమెకు తెలుసు. అవునని చెప్పినా తప్పు పట్టొద్దని ఆ క్షణంలో మనసులో అనుకుంది కూడా.

సామ్యూల్ లేచాడు. డబ్బా దొరసాని ముందు పెట్టాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

"రండి సార్," అన్నాడు దిగుతూ. "చూపిస్త."

"నేనడిగింది అయిపోయిందా లేదా అని."

"కాలేదు సార్. రండి."

సందులో ఎవరో ఈల వేశారు. లావణ్య ఫోన్ పైకెత్తి లైవ్ పెట్టింది.

మడులకు నడవడం ఎంతసేపు! ముందు సామ్యూల్, వెనక లలితమ్మ, ఆ వెనక తెల్ల బూట్లతో పురుషోత్తం, అతని వెనక సగం బస్తీ. బీరయ్య అందరికంటే వెనక వస్తున్నాడు, తప్పిపోతే బాగుండునన్నట్టు.

తలమీద లారీలు పోతుంటే బ్రిడ్జి చిన్నగా అదురుతోంది. దాని పక్కల నుంచి లావుపాటి పైపులు బయటికి వేలాడుతున్నాయి. వాన ఆగి రెండో రోజు, అయినా వాటి మూతుల నుంచి నల్లటి చుక్కలు జారుతూనే ఉన్నాయి. ఎప్పుడూ ఆ మడుల్లో తెల్లగా మచ్చలు మచ్చలుగా నిలబడే కొంగలు ఒక్కటీ లేవు. గడ్డి పడుకొని ఉంది. నిలిచిన నీళ్ల మీద నెమలి పింఛం రంగులు తేలుతున్నాయి.

"ఇగో సార్," అంది లలితమ్మ. వంగి ఒక గుప్పెడు గడ్డి పీకి అతని ముక్కు ముందు పెట్టింది. "వాసన చూడుర్రి. చాయా, స్కూటరా?"

పురుషోత్తం వాసన చూడలేదు గానీ ఒక అడుగు వెనక్కి వేశాడు. తెల్ల బూటు చీలమండ దాకా దిగిపోయింది. జనం గొల్లున నవ్వారు. లలితమ్మకు చాలా రోజుల తర్వాత గుండె నిండుగా అనిపించింది.

సామ్యూల్ నవ్వలేదు. మట్టికట్ట వైపు చూస్తున్నాడు. కట్ట అడుగున, నీళ్లు అటు నుంచి ఇటు పారడానికి పెట్టిన తూము ఉండాలి. అక్కడ తూము కనిపించడం లేదు. దాని ముందు మనిషెత్తు మట్టి, విరిగిన కాంక్రీటు ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. బ్రిడ్జి పని మట్టేలే అనుకొని లలితమ్మ దాన్ని పట్టించుకోనే లేదు.

"ఇదేంది?" అన్నాడు. "నేను ఊరికి పోయేటప్పుడు ఇది లేదు. తూము మూస్తే నీళ్లెట్ల పోతయ్? ఇంట్లకే తంతయ్ గదా! ఇక్కడ మట్టి ఎవరు పోసిన్రు?"

పురుషోత్తం బూటు పీక్కున్నాడు. మొదటిసారి తొందర లేకుండా నవ్వాడు.

"మేమే పోశాం. సైటులో మిగిలిన మట్టి. కానీ ఊరికే పోయలేదు. జాగా వాళ్లు పోసుకోమంటేనే పోశాం." అందరి తలల మీదుగా వెనక్కి చూశాడు. "ఏం బీరయ్యా? చెప్పవయ్యా."

జనం పక్కకు జరిగారు. బీరయ్య ఒక్కడే మిగిలాడు. దగ్గడానికి ప్రయత్నించాడు గానీ దగ్గు రాలేదు.

"మడులు జర మీదికి లేస్తయనుకున్న," అన్నాడు నేలకు చెప్తున్నట్టు. "కొట్టం పెద్దగ చేస్కోవచ్చు, ఇంకో రెండు బర్రెల్ని తేవచ్చు అనుకున్న. ఫుకట్ల పోస్తమన్నరు. ఆడ తూము ఉన్నదని... చూస్కోలే. నీకు తెలిస్తే వద్దంటవని చెప్పలే."

లలితమ్మ చేతిలో గడ్డి అలాగే ఉంది. లారీలు పోతున్నాయి.

"నీళ్లు పోయే తొవ్వకు మట్టి పోస్తే," అంది ఆమె చాలా నెమ్మదిగా, "నీళ్లు ఎటు పోతయనుకున్నవయ్యా?"

బీరయ్య కాలి వేలితో బురదను గీరాడు.

"ఇప్పుడు చెప్పండమ్మా," అన్నాడు పురుషోత్తం జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ. "కంప్లైంటు ఎవరి మీద ఇస్తారు? మా మీదనా, మీ ఆయన మీదనా? ఇస్తే ఇద్దరి మీదా ఇవ్వాల్సి ఉంటుంది. లేదంటే అందరం ఇంటికి పోదాం, బర్రెను దించుకుందాం."

లావణ్య ఫోన్ సగం దించింది. ఫోన్ తెరలో వేలమంది కళ్లు వాళ్ల నాన్న మీద ఉన్నాయి.

"అమ్మా," అంది గొంతు తగ్గించి. కాల్ సెంటర్ గొంతు కాదది, చిన్నప్పటి గొంతు. "లైవ్ ఆపనా?"

బీరయ్య తల ఎత్తి భార్య వంక చూశాడు. లలితమ్మ అతన్ని చూసింది, గుట్టను చూసింది, నెత్తిమీద కారుతున్న పైపును చూసింది.

"ఆపకు," అంది.